గద్దకి ఎడమ పక్క

మా బావని సైట్లో అందరూ గద్ద అంటారు. ముక్కు చూసి పెట్టిన పేరు కాదు, ముక్కు మామూలుదే. టవర్ క్రేన్ కొన మీద అద్దాల కేబిన్‌లో కూర్చుని, కింద ఎవడు సిమెంటు బస్తాల వెనక కునుకు తీస్తున్నాడో కూడా కనిపెట్టేవాడు. వైర్లెస్ సెట్లో తాపీగా, "ఆ నీలం చొక్కావాణ్ణి ఎవరైనా లేపండయ్యా, వాడి పక్కన ఇనుము దించాలి" అనేవాడు. నీలం చొక్కావాడు ఉలిక్కిపడి ఆకాశంలోకి చూసేవాడు. అలా వచ్చింది పేరు.

క్రేన్ దగ్గరికి ఆయన చేరింది గ్రీజు డబ్బా పట్టుకునే పనికి. ఇనుప తాళ్ళకి గ్రీజు పూయడానికి మొదటిసారి పైకి ఎక్కినప్పుడు, పని అయిపోయినా దిగలేదట. ఫోర్‌మన్ కింద నుంచి బూతులు తిట్టాడట, అయినా దిగలేదట. "నేల మీద ప్రతివాడూ నిన్ను ఏదో ఒకటి అడుగుతాడురా. పైన గాలి ఒక్కటే అడుగుతుంది" అని నాకు చెప్పేవాడు. క్యారేజీ హుక్కుకి తగిలించి పంపితే పైనే తినేవాడు. మిగతా అవసరానికి ఒక సీసా ఉండేది. ఆ సీసా గురించి మా అక్క ముందు ఎత్తితే మాత్రం ఊరుకునేవాడు కాదు.

అక్కని చూసింది కూడా అక్కడి నుంచే. మా ఇంటికి ఎదురుగా ఆసుపత్రి కొత్త భవనం కడుతున్నారు. అక్క డాబా మీద బట్టలు ఆరేసేది. పెళ్ళయ్యాక కూడా ఆ మాట వచ్చినప్పుడల్లా అక్క, "అంత ఎత్తు నుంచి నా నడినెత్తి తప్ప ఏం కనపడిందండీ మీకు?" అనేది. ఆయన అన్నం కలుపుకుంటూ, "పాపిడి తిన్నగా ఉంది. పనిమంతురాలు అనుకున్నాను" అనేవాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

కేబిన్‌లోంచి అన్నీ కనపడతాయని బయటివాళ్ళు అనుకుంటారు. కనపడవు. లేస్తున్న గోడ వెనక, తవ్విన గుంటలో, దింపుతున్న లోడు కింద క్రేన్ డ్రైవరుకి ఏమీ కనపడదు. అక్కడ అతని కళ్ళు కింద నిలబడి చేతులతో సైగలు చేసే సిగ్నల్‌మ్యాన్. బావకి ఎప్పుడూ ఒక్కడే సిగ్నల్‌మ్యాన్, మేమంతా మామ అని పిలిచే ఒక బక్క మనిషి. వాళ్ళ పనిలో ఒక కట్టుబాటు ఉంది. సైగ లేకుండా హుక్కు కదలకూడదు. నీ కళ్ళకి దారి ఖాళీగా కనపడినా సరే, కింద మనిషి ఆపమంటే ఆపాలి. సైగ అందిందని చెప్పడానికి డ్రైవరు ఒక చిన్న హారన్ కొట్టాలి. మిగతా డ్రైవర్లకి మామ భుజం నుంచి చేయి ఊపేవాడు. బావకి మణికట్టు చాలు. టీ బంకు దగ్గర కూర్చున్నా అంతే. మామ చూపుడు వేలు కాస్త వంచితే బావ చక్కెర డబ్బా ఇటు జరిపేవాడు. జరుపుతూ గొంతులో "మ్" అనేవాడు. అది హారన్ అన్నమాట. మేం నవ్వేవాళ్ళం. వాళ్ళకి ఎందుకు నవ్వుతున్నామో అర్థమయ్యేది కాదు.

వాన పడి వెలిసిన ఒక ఉదయం బావ నిచ్చెన దిగుతూ జారాడు. కింది ప్లాట్‌ఫామ్ దగ్గర తల కుడి పక్క ఇనుప కమ్మీకి కొట్టుకుంది. హెల్మెట్ ప్రాణం మిగిల్చింది, అన్నీ మిగల్చలేదు. ఆపరేషన్ అయింది. చాలా రోజుల తర్వాత కళ్ళు తెరిచి మొదట అడిగిన మాట, "గాలికి తిరిగేలా బ్రేకు వదిలారా?" అని. పని ఆపాక క్రేన్ చేతిని గాలివాటుకి వదిలెయ్యాలి, లేకపోతే గాలి దాన్ని విరిచేస్తుంది. మామ మంచం పక్కన నిలబడి, "వదిలాంరా గద్దా, పడుకో" అన్నాడు. డాక్టర్లు బుర్ర బాగానే ఉందని సంబరపడ్డారు.

ఇంటికి వచ్చాక తెలిసింది. ఆయనకి ఎడమ పక్క లేదు.

కళ్ళు పోలేదు. కళ్ళ డాక్టరు రెండూ బాగున్నాయన్నాడు. చూసింది లెక్కలోకి తీసుకోవాల్సిన మెదడే ఎడమ వైపుని వదిలేసింది. గడ్డం గీసుకుంటే కుడి చెంప నున్నగా, ఎడమ చెంప చిట్టడవిలా ఉండేది. ఎడమ చెప్పు గుమ్మం దగ్గరే ఉండిపోయేది. ఎడమ వైపు నుంచి పిలిస్తే కుడి వైపు వెతికేవాడు. అన్నింటికన్నా చెడ్డది, ఏదో తప్పిపోయిందని ఆయనకి తెలియకపోవడం. మన వీపు వెనక ఏముందో మనకి కనపడదు. అంతమాత్రాన అక్కడ చీకటిగా ఉందని మనకి అనిపించదు కదా, అసలేమీ అనిపించదు. ఆయనకి ఎడమ పక్క అలాగే. ఆయన దృష్టిలో ఆయనకి ఏ జబ్బూ లేదు, అందరూ కలిసి అనవసరంగా ఇంట్లో కూర్చోబెట్టారు.

అదే ఆసుపత్రిలో తల దెబ్బల తర్వాత కోలుకోవడం మీద పరిశోధన చేసే విభాగం ఒకటుంది. ఎడమ పక్క మరిచిపోయినవాళ్ళకి ఒకరకం అద్దాలు పెట్టి చూస్తున్నారు. ఆ అద్దాల్లోంచి చూస్తే ప్రతిదీ ఉన్నచోటు కన్నా కాస్త కుడికి జరిగి కనపడుతుంది. అవి పెట్టుకుని ఎదురుగా ఉన్న చుక్కని వేలితో తాకమంటారు. వేలు పక్కకి పోతుంది. తప్పు దిద్దుకుంటూ దిద్దుకుంటూ చేయి ఎడమకి వెళ్ళడం అలవాటు చేసుకుంటుంది. అద్దాలు తీశాక కూడా ఆ అలవాటు నిలిచి, చూపు ఎడమకి మళ్ళుతుందేమోనని వాళ్ళ ఆశ. నిజంగా మళ్ళుతుందా, లేక కాలం గడిస్తే అద్దాలు లేకపోయినా బాగుపడేదేనా? అది తేల్చడానికి కొందరికి అసలు అద్దాలు, కొందరికి వట్టి గాజు ఇస్తారు. ఎవరివి ఏవో పేషెంట్లకి చెప్పరు. ఎంత మెరుగయ్యారో కొలిచే మనిషికి కూడా తెలియనివ్వరు.

ఆ కొలిచే మనిషిని మేం పరీక్ష మేడమ్ అనేవాళ్ళం. నాకూ ఆవిడకీ పెద్ద తేడా ఉండదు వయసులో. ముఖంలో ఏ భావమూ చూపించకుండా ఉండటం ఆవిడ ఉద్యోగంలో భాగం.

"నావి అసలు అద్దాలే మేడమ్" అనేవాడు బావ.

"నాకు తెలియదండీ. తెలియకూడదు కూడా."

"నాకు తెలుసుగా. చెబుతున్నాను, రాసుకోండి."

"మీరు చెప్పినా నేను విననట్టే."

బావకి ఈ చదువుల గోల పట్టదు. ఆయనకి కావలసింది ఒక్కటే, చివరి పరీక్ష అయ్యాక పెద్ద డాక్టరు రాసే ఉత్తరం. పరీక్ష బాగా వస్తే పనికి ప్రయత్నించవచ్చని రాసిస్తానన్నాడాయన. ఆ ఉత్తరం తెస్తే యార్డులో బకెట్ పరీక్ష పెడతామన్నాడు సైటు మేనేజరు. నిండా నీళ్ళున్న బకెట్ హుక్కుకి తగిలించి, డ్రమ్ముల మధ్య నుంచి తొణక్కుండా తిప్పాలి. అది బావకి నిద్రలో కూడా వచ్చు. అది నెగ్గితే కొత్త టవర్ మీద కేబిన్ ఆయనదే.

కాలేజీ మానేసి ఇంట్లో పడి ఉన్నది నేనొక్కణ్ణే కాబట్టి బావని ఆసుపత్రికి తిప్పే పని నాకు పడింది. మామ కూడా ప్రతిసారీ వచ్చేవాడు. మొదటిసారి ఒంటరిగా గదిలో కూర్చోబెడితే బావ ఒక్క కాగితం అవగానే కంగారుపడి లేచొచ్చేశాడు. అప్పుడు మేడమ్ తన వెనక, కిటికీ పక్కన, మామకి ఒక కుర్చీ వేసింది. "మాట్లాడకూడదు" అంది. మామ మాట్లాడలేదు. ఆ తర్వాత నుంచి బావ నిబ్బరంగా కూర్చునేవాడు. నేను బయట బెంచీ మీద ఫోను చూసుకునేవాణ్ణి.

పరీక్ష ఏమిటంటే, పెద్ద కాగితం నిండా చిన్న చిన్న బొమ్మలు గజిబిజిగా ఉంటాయి, గుర్రాలూ గొడుగులూ తాళాలూ గంటలూ. గంటలన్నింటికీ సున్నాలు చుట్టాలి. మొదటి రోజు బావ కుడి సగంలోవి చకచకా చుట్టి, "అయిపోయింది, ఇంకో కాగితం ఇవ్వండి" అన్నాడట. ఎడమ సగం ముట్టనైనా లేదు. కానీ తర్వాత తర్వాత ఎడమ వైపు గంటలు కూడా పడటం మొదలైంది. పోనుపోను కాగితం దాదాపు నిండిపోయేది. మేడమ్ ముఖం కూడా ఒకసారి దాని ఉద్యోగం మరిచిపోయి వెలిగింది. అక్క ఆ రోజు సైటు మేనేజరుకి ఫోను చేసింది.

ఇంట్లో మాత్రం ఎడమ చెప్పు గుమ్మం దగ్గరే ఉండేది. అది నాకు మింగుడు పడలేదు.

చివరి పరీక్షకి ముందరి పరీక్ష రోజు నా ఫోను చచ్చిపోయింది. ఊసుపోక లేచి తలుపుకున్న గాజు పలకలోంచి లోపలికి చూశాను. బావ కుడి సగం పూర్తి చేశాడు. మధ్యలో కలం ఆగింది. మేడమ్ తల వంచి కాగితాన్నీ గడియారాన్నీ చూస్తోంది. ఆవిడ వెనక మామ, మోకాలి మీద చేయి. బావ తలెత్తి మామ వైపు చూశాడు. మామ బొటనవేలు బావకి ఎడమ వైపు తిరిగింది. బావ గొంతు కదిలింది. తలుపు ఇవతలికి వినపడలేదు గాని అది నాకు తెలిసిన "మ్". కలం ఎడమకి జరిగింది. మామ వేళ్ళు మెల్లగా అల్లాడాయి, నెమ్మది, ఇంకాస్త, ఇంకాస్త. అరచేయి బోర్లా పడింది, ఆగు. బావ ఆగి, కిందికి చూసి, ఒక గంట చుట్టాడు. మళ్ళీ తలెత్తాడు.

నేను చూస్తున్నది పరీక్ష కాదు. క్రేన్ నడుస్తోంది.

మామని క్యాంటీన్‌కి లాక్కెళ్ళాను. "నువ్వు చేస్తున్నదేంటో నీకు తెలుసా మామా?"

"ఏం చేశాను? నోరు కూడా విప్పలేదు."

"చేయి. లోపల నీ చేయి."

మామ తన చేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు, ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువు చూసినట్టు. "ఆడిందా?"

"ఎడమకి, నెమ్మది, ఆగు. మొత్తం."

"అదేం తప్పురా? వాడి చేయి మధ్యలో ఆగిపోయింది. ఆగిపోతే చూపించనా? మరి నేనున్నదెందుకు?"

"కొలుస్తున్నది బావ బుర్రని మామా, నీ వేళ్ళని కాదు. అద్దాలు పనిచేస్తున్నాయని వాళ్ళనుకుంటున్నారు. పనిచేస్తున్నది నువ్వు."

మామ టీ గ్లాసు పక్కకి జరిపాడు. "వాడు పైకి వెళ్తే కింద నేనే ఉంటాగా" అన్నాడు చివరికి. నన్ను అడిగినట్టుగా అన్నాడు.

ఇంటికి వెళ్ళి అక్కని వంటింట్లోకి పిలిచి చెప్పాను. అక్క పొయ్యి కట్టేసి, తలుపు దగ్గరికి వేసి, "ఈ మాట ఇంకెక్కడా అనకు" అంది.

"అక్కా, పిచ్చా నీకు?"

"నాకే. పొద్దున లేచి కిటికీ దగ్గర కూర్చుంటారు. దూరంగా సైట్లో కనపడే ఆ క్రేన్ ఎటు తిరిగితే అటు తల తిప్పుతారు. కొత్త డ్రైవరు లోడు ఊపితే ఇక్కడ ఆయన పళ్ళు కొరుకుతారు. ఇక నీకు కేబిన్ లేదు అని ఆ మనిషికి ఎవరు చెబుతారు? నువ్వా? నువ్వు కాలేజీ మానేసినంత తేలికా అది?"

ఆ దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. అయినా ఆగలేదు. "ఎడమ పక్క మనుషులుంటే?"

"కింద మామ ఉంటాడు."

"మామే ఎడమ పక్క నిలబడితే?"

అక్క పొయ్యి వైపు తిరిగింది. గిన్నె మీద మూత సర్దింది. సర్దిన మూతనే మళ్ళీ సర్దింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇంకొకటి కనిపెట్టాను. రోజూ నా కళ్ళ ముందే జరుగుతోంది, చూడలేదు. బావ కంచంలో కుడి సగం తినేశాడు. అక్క మంచినీళ్ళు పెట్టడానికి వంగినట్టు వంగి, రెండో చేత్తో కంచాన్ని మెల్లగా తిప్పింది. ఎడమ సగం కుడికి వచ్చింది. బావ తింటూనే ఉన్నాడు. అక్కకీ మామకీ తేడా ఏముంది? ఇద్దరూ కింద నిలబడి నడిపిస్తున్నారు. ఆయన తనంతట తానే నడుపుతున్నాననుకుంటున్నాడు.

మర్నాడు భోజనంలో అక్క చేయి కంచం మీదికి వెళ్ళగానే మణికట్టు పట్టుకున్నాను. అక్క నా వైపు చూసిన చూపు ఇప్పటికీ బాగా గుర్తుంది. విడిపించుకోవడానికి లాగింది. నేను వదల్లేదు.

బావ కుడి సగం ఖాళీ చేసి, "కూర అయిపోయింది. ఇంకాస్త వెయ్యి" అన్నాడు.

"ఉంది బావా."

"ఎక్కడరా? కళ్ళు కనపడట్లేదా నీకు?"

నేను కంచం తిప్పాను. ఖాళీగా ఉన్న కంచంలోకి అన్నమూ కూరా ఎక్కడి నుంచో వచ్చినట్టు ఆయన వెనక్కి జరిగాడు. ముందు కోపం వచ్చింది. "ఏంట్రా ఈ గారడీ" అన్నాడు. నేను మళ్ళీ తిప్పాను, పోయింది. మళ్ళీ తిప్పాను, వచ్చింది. ఆయన కంచం అంచు పట్టుకుని నా చేయి తోసేశాడు. స్వయంగా తిప్పాడు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. చాలాసేపు.

"ఎప్పటి నుంచి తిప్పుతున్నావు?" అని అడిగాడు అక్కని.

"మొదటి నుంచీ" అంది అక్క.

"ఇంకా ఎవరు?"

అక్క నా వైపు చూసింది. ఇక దాచి లాభం లేదు. మామ సంగతి చెప్పేశాను, వేళ్ళు ఎలా ఆడాయో నా చేతులతో చేసి మరీ చూపించాను. ఆయన వినలేదనుకున్నాను. కుడి చేత్తో బల్ల మీద తడుముకుంటూ ఎడమకి పోతున్నాడు. వెళ్ళి వెళ్ళి వేళ్ళు అంచు దాటి గాలిలో పడ్డాయి. వాటిని అక్కడే ఉంచి, అటు తల తిప్పకుండా, ఎదురుగా గోడనే చూస్తూ కూర్చున్నాడు.

"రేపేగా పరీక్ష" అన్నాడు.

ఏం చేస్తాడో అడిగే ధైర్యం నాకూ రాలేదు, అక్కకీ రాలేదు. సాయంత్రం మేనేజరు ఫోను చేసి, యార్డులో డ్రమ్ములు పెట్టించాను, ఉత్తరం ఎప్పుడు తెస్తున్నావని అడిగాడు. బావ "తెస్తాను" అన్నాడు. మామకి కూడా ఆయనే ఫోను చేశాడు. "రేపు వస్తున్నావుగా?" అన్నాడు. ఆ గొంతు ఎప్పటిలాగే ఉంది. దొంగ ఉత్తరంతో పైకి ఎక్కేస్తాడనుకున్నాను. ఎక్కితే మేనేజరు దగ్గరికి వెళ్ళి నేనే చెప్పేస్తాననుకున్నాను. చెబితే అక్క మళ్ళీ నా ముఖం చూడదనీ తెలుసు.

పొద్దున కుడి చెంప నున్నగా గీసుకుని తయారయ్యాడు. అక్క ఎడమ చెప్పు చేతిలో పట్టుకుని నిలబడింది, వేయాలో వద్దో తెలియక. ఆయనే చేయి చాచి, "అదీ ఇటివ్వు" అన్నాడు.

ఆసుపత్రి వరండాలో మామ అప్పటికే ఉన్నాడు. ఇద్దరూ పలకరించుకోలేదు. మేడమ్ పిలవగానే ఎప్పటిలాగే లోపలికి వెళ్ళారు. ఈసారి నేను కూడా దూరాను. మేడమ్ నన్ను చూసి, "మీరు తలుపు దగ్గరే ఉండండి, చప్పుడు చెయ్యొద్దు" అంది. కాగితం పెట్టింది. గడియారం నొక్కింది.

బావ మొదలుపెట్టాడు. కుడి సగం, చకచకా. పై నుంచి కిందికి, కింద నుంచి పైకి. మధ్యకి వచ్చి కలం ఆగింది.

నేను మామ చేతినే చూస్తున్నాను. మామ ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు, పాపం. కానీ బావ తలెత్తాడు. తిన్నగా మామ కళ్ళలోకి చూశాడు. ఆ చూపు ఎన్నేళ్ళుగానో ఆ మనిషిని నడిపించిన చూపు. తొడ కింద నుంచి చేయి దానంతట అదే బయటికి వచ్చింది. బొటనవేలు ఎడమకి తిరిగింది.

బావ "మ్" అనలేదు. కలం కింద పెట్టాడు.

"మేడమ్, ఆ గడియారం ఆపండి."

"మధ్యలో ఆపకూడదండీ."

"అయితే ఈ కాగితం పారెయ్యండి. దీనికి ముందువి కూడా. మీ వెనక కూర్చున్న మనిషి నా కళ్ళు. ఎప్పుడూ ఆయన చూపిస్తే నేను తిప్పుతాను. ఇక్కడా అదే చేశాం."

మేడమ్ వెనక్కి తిరిగింది. మామ బొటనవేలు ఇంకా ఎడమకే చూపిస్తోంది. దాన్ని ఎలా దించాలో మరిచిపోయినట్టున్నాడు.

"ప్రతిసారీనా?" అంది.

"నాకు తెలీదమ్మా" అన్నాడు మామ. "చేసుంటాను. వాడు చూస్తే చెయ్యాలి. నేను వేరే ఏదీ నేర్చుకోలేదు."

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. ముఖం మాత్రం పాలిపోయింది. "ఆ కుర్చీ అక్కడ వేసింది నేనే" అంది, తనలో తను అనుకున్నట్టు. తర్వాత మా ముగ్గురికీ కలిపి చెప్పింది. "మీకు ఒకటి తెలియాలి. ఈ కాగితాలు ఇక్కడితో ఆగవు. వీటిని నమ్మి రేపు ఎక్కడో ఎవరికో ఈ అద్దాలు పెట్టి, బాగైపోయిందని బండి తాళం చేతికిస్తారు. వాళ్ళ ఎడమ పక్క రోడ్డు మీద ఎవరుంటారో మనకి తెలియదు."

బావ తల ఊపాడు. "లోడు కింద మనుషులు" అన్నాడు. అంతకన్నా బాగా ఎవరికీ అర్థం కాదు.

"ఇంకో రకం కాగితం ఉంది" అంది మేడమ్. "చేస్తారా? ఒక్కరే."

"ఒక్కణ్ణే."

మమ్మల్ని ఇద్దర్నీ బయటికి పంపింది. మామ బెంచీ మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నేను గాజు పలక దగ్గర నిలబడ్డాను.

కుడి సగం అయిపోయింది. కలం ఆగింది. బావ తలెత్తి ఖాళీ కుర్చీని చూశాడు. నాకు తెలియకుండా నా చేయి ఎడమకి లేచింది, దాన్ని జేబులో కుక్కుకున్నాను. అప్పుడాయన ఎడమ చేతిని బల్ల మీద ఈడ్చుకుంటూ పోయి, అంచు దొరికాక గట్టిగా పట్టుకున్నాడు. తలని మెల్లగా ఆ చేతి వైపు తిప్పాడు, తుప్పు పట్టిన బోల్టు తిప్పినట్టు. మెడ నరాలు పొంగాయి. చేయి కనపడింది కాబోలు, కలం అటు వెళ్ళింది. ఒక గంట దొరికింది. చూపు మళ్ళీ జారి కుడికి పోయింది. మళ్ళీ అంచు నుంచి మొదలు. ఇంకోటి దొరికింది. పక్కనే ఉన్న మరోదాన్ని దాటిపోయాడు, నాకు ఇక్కడి నుంచి కనపడుతోంది, అరవబుద్ధయింది. చొక్కా వీపు తడిసిపోయింది. చివరికి కలం పెట్టేసి, "ఇంతే" అన్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

మేడమ్ నన్ను లోపలికి పిలిచి, మొదటి రోజు కాగితం, ఇవాళ్టిది పక్కపక్కన పెట్టింది. మొదటిదాంట్లో ఎడమ సగం తెల్లగా ఉంది. ఇవాళ్టిదాంట్లో చెదురుమదురుగా సున్నాలున్నాయి, చుట్టనివే ఎక్కువ.

"మెరుగే" అంది. "అద్దాల వల్లా, రోజులు గడిచినందువల్లా, మీరు ఆ అంచు పట్టుకున్నందువల్లా అంటే నాకు తెలియదు. ఒక్క మనిషిని చూసి ఎవరూ చెప్పలేరు. జరిగింది పైవాళ్ళకి రాయాలి. మిమ్మల్ని లెక్కలోంచి తీసేయొచ్చు."

"కేబిన్ సంగతి?"

"పెద్ద డాక్టరు చెప్పాలి. కానీ ఇది చూసి ఆయన ఉత్తరం రాయరు."

"తర్వాతెప్పుడైనా?"

ఆవిడ రెండు కాగితాలూ దగ్గరికి జరిపింది. "ధైర్యం చెప్పమంటారా, నిజం చెప్పమంటారా?"

"ధైర్యం వద్దులెండి" అన్నాడు బావ. "ఈ మధ్య అందరూ అదే చెప్పారు."

లేచాడు. లేచి, "లెక్కలోంచి తీసేసినా వస్తాను. ఆ చుక్కలు తాకే పని నేర్పండి" అన్నాడు. మేడమ్ రమ్మంది.

వరండాలో మామ అలవాటుగా ఎడమ పక్కనే నిలబడ్డాడు, గోడకి ఆనుకుని. బావకి కనపడలేదు. "మామా" అన్నాడు. మామ కదలబోతే నేను వద్దని ఆపాను. బావ తల తిప్పడం మొదలుపెట్టాడు. గడ్డం భుజానికి తగిలేదాకా తిప్పాడు. దొరికాడు.

అప్పుడు రెండు చేతులూ ఛాతీ ముందుకి తెచ్చి, ఒకదానిలో ఒకటి పెట్టి గట్టిగా పట్టుకున్నాడు. నాకు ఆ సైగ తెలుసు. పొద్దుపోయాక కింద నుంచి మామ చేసే ఆఖరి సైగ అది. పని అయిపోయింది, అన్నీ ఆపు, దిగిరా అని. ఎప్పుడూ కింద నుంచి పైకి వెళ్ళిన సైగే, పై నుంచి కిందికి ఒక్కసారి కూడా రాలేదు.

మామ గొంతు కదిలింది.

"మ్" అన్నాడు.

"బ్రేకు వదిలెయ్యి" అన్నాడు బావ. "పదండి. ముందు మేనేజరుకి చెప్పి రావాలి. డ్రమ్ములు ఎండలో ఊరికే పడి ఉంటాయి."

మెట్ల దగ్గరికి వచ్చాం. రెయిలింగు ఎడమ పక్కనే ఉంది. మామ నోరు తెరిచాడు, నేను కూడా తెరిచాను.

"ఎవరూ చెప్పకండి" అన్నాడు బావ. మొదటి మెట్టు మీద ఆగి, ఎడమ చేయి చాచి గాలిలో వెతకడం మొదలుపెట్టాడు.